బల్ల మీద మిగిలిన గిన్నె

అమ్మ పోయి నెల తిరిగింది. అంగడి అద్దెకు తీసుకున్న సుజాత ఫోన్ చేసి, "అక్కా, వెనక గదిలో పెద్దామె సామాన్లు అట్నే ఉండాయి. వానలు మొదలైతే తడిసిపోతాయి. ఒకసారి వచ్చి చూసుకోండి" అని చెప్పింది. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను. పోయిన మనిషి చీరలు మడత పెట్టడం కన్నా ప్రపంచంలో ఏ పనైనా సుఖమే. చివరికి ఒక పొద్దున నెల్లూరులో బస్సెక్కి కోట ఊళ్లో దిగి, అక్కడి నుంచి ఆటోలో సముద్రం వైపు బయలుదేరాను. ఆ దారికి రెండు పక్కలా ఒకప్పుడు వరికయ్యలు ఉండేవి. ఇప్పుడన్నీ రొయ్యల గుంటలు. నీళ్ల మీద చక్రాలు తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతుంటాయి. ఉప్పుగాలి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దానికి రొయ్యల మేత కంపు ఒకటి తోడైంది, అంతే. ఆటో అబ్బాయి ముక్కు మూసుకోలేదు, నేను మూసుకున్నాను. పుట్టిన ఊరి గాలికి ముక్కు మూసుకున్నందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

సుజాత, ఆమె మొగుడు అంగడికి నీలం రంగు వేయించి, పైన 'కేఫ్ అండ్ జనరల్ స్టోర్స్' అని బోర్డు పెట్టారు. ఒక పక్క సబ్బులు, షాంపూ పొట్లాల దండలు, బియ్యం బస్తాలు. ఇంకో పక్క గ్యాసు పొయ్యి, ఇనప బాణలి. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుర్రాళ్లు ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని ఎగ్ నూడుల్స్ తింటున్నారు. పది దాటి, పదకొండు కావస్తోంది. "పొద్దున తినరు, మధ్యాన్నం దాకా ఆగరు. అందరూ ఈ టైముకే వస్తారక్కా. టీవీలో దీన్ని బ్రంచ్ అంటారంట" అని నవ్వింది సుజాత. నాకూ నవ్వొచ్చింది. మా అమ్మ తన బతుకంతా ఇదే చోట నిలబడి ఇదే వేళకు తిండి పెట్టింది. దానికి ఒక పేరుందని తెలియకుండానే పోయింది. మేము పదిగంటల తిండి అనేవాళ్లం.

వెనక గదిలో పెద్దగా ఏమీ లేదు. చీరలు, మందుల డబ్బా, అరిగిన చెప్పుల జత, కిటికీ పక్కన గోడకు కొట్టిన పాత చెక్కబల్ల. ఆ బల్ల ఒకప్పుడు అంగడి ముందు వరండాలో ఉండేది. సుజాత వాళ్లు ముందు భాగం కొత్తగా కట్టుకున్నప్పుడు అమ్మ దాన్ని పీకించి తన గదిలో కొట్టించుకుంది. దాని మీద ఒకే ఒక్క వస్తువు. మూత ఉన్న చిన్న ఇత్తడి గిన్నె. తళతళ మెరుస్తోంది. "దీన్ని మాత్రం మేం ముట్టలేదక్కా. పెద్దామె రోజూ తనే తోముకొనేది. చెయ్యి వణుకుతా ఉన్నా ఇంకొకరికి ఇచ్చేది కాదు. ఇది నాది కాదమ్మే, పరాయి సొమ్ము అనేది" అని చెప్పింది సుజాత. ఎవరి సొమ్మో సుజాతకు తెలియదు. నాకు తెలుసు. గిన్నెను కొంగులో చుట్టుకుని అక్కడే మంచం మీద కూలబడ్డాను.

మా నాయన పోయాక కయ్య దాయాదుల పాలైంది. మాకు మిగిలింది రోడ్డు పక్కన ఈ ఇల్లు. పడమటి వైపు రైతుల ఊరు, తూర్పున సముద్రం ఒడ్డున చేపలు పట్టే వాళ్ల పాళెం, నడుమ మేము. అమ్మ ముందు గదిలో అంగడి పెట్టింది. ఒక పక్క కిరసనాయిలు, బెల్లం, ఎండు మిరపకాయలు, కొబ్బరి తాళ్లు, బీడీ కట్టలు. ఇంకో పక్క కట్టెల పొయ్యి, దాని మీద పెనం. రెండు వాసనలూ కలిసి మా బట్టలకు, జుట్టుకు పట్టి ఉండేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు "నీ దగ్గర దోసెకు కిరసనాయిలు పోసిన వాసన వస్తాది" అని ఎగతాళి చేసేవాళ్లు. సాయంత్రం అమ్మ రుబ్బురోలు ముందు కూర్చుంటే చీకటి పడేదాకా లేచేది కాదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనానికి రుద్దేది. పెనం మాట వినకపోతే దాన్ని తిట్టేది, మనిషిని తిట్టినట్టే. "ఏం మాయరోగం వచ్చిందే నీకు, నిన్న బాగానే ఉన్నావు గదా" అనేది. మొదటి దోసె ఎప్పుడూ కాకికి. రెండోది నాకు. తను ఎప్పుడు తినేదో నేను చూసేదాన్ని కాదు. పిల్లలు అలాంటివి చూడరు.

పాళెం మగవాళ్లు వెలుగు రాకముందే తెప్పలెక్కేవాళ్లు. పోతూ పోతూ మా అంగట్లో బీడీలు, అగ్గిపెట్టె తీసుకుని, మంచినీళ్లు పట్టుకుని, ఒక్కొక్కరూ ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ గిన్నె వరండాలో ఆ బల్ల మీద పెట్టి వెళ్లేవాళ్లు. ఎండ ఎక్కాక తిరిగొచ్చి, ఒడ్డున చేపల వేలం ముగించుకుని, మా బెంచీల మీద కూర్చుని తినేవాళ్లు. దోసెలు, పులిబొంగరాలు, ఎర్రకారం, పప్పుల చట్నీ. తిన్నాక తమ తమ గిన్నె నింపించుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్లు. ఇంటి దగ్గర పెళ్లాం పిల్లలు అప్పటిదాకా పస్తే. మొగుడు నీళ్ల మీద ఉండగా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, ఆడమనిషి మెతుకు ముట్టకూడదు అని పాళెంలో పట్టింపు. ఆయన చేత్తో గిన్నె గడప దాటితేనే ఆమె నోట్లోకి ముద్ద. పిల్లలు ఆకలికి ఏడుస్తూ మా రోడ్డు వైపు చూస్తూ ఉండేవాళ్లు. అమ్మ వాళ్లను పిలిచి తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బెల్లం మెతుకు కాదు కాబట్టి తల్లులు ఏమీ అనేవాళ్లు కాదు.

ఆ బల్ల పాళేనికి గడియారం లాంటిది. దారిన పోయేవాళ్లు ఎవరైనా సరే, అటువైపు ఒక చూపు చూసి పోయేవాళ్లు. గిన్నె ఉంటే మనిషి ఇంకా నీళ్ల మీద ఉన్నట్టు. గిన్నె లేకపోతే గట్టెక్కినట్టు. ఎవరినీ అడగాల్సిన పని లేదు. సముద్రం మీదున్న మనిషి గురించి "వచ్చాడా?" అని నోటితో అడగడమే అపశకునం అనుకునేవాళ్లు. అందుకే ఒకరి గిన్నె ఇంకొకరు ముట్టే ఆచారం లేదు. ఇవన్నీ ఇప్పుడు నేను ఇలా వివరంగా చెబుతున్నాను గానీ, అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. మేము ఆ పాళెం మనుషులం కాము. అమ్మ దృష్టిలో అది వాళ్ల అలవాటు, అంతే. మొగవాళ్లు పోతూ గిన్నె పెట్టిపోతారు, వస్తూ తీసుకుపోతారు. దాని లోతు ఆమెకు తెలియదు.

అన్ని సత్తు గిన్నెల మధ్య శీనయ్యది ఒక్కటే ఇత్తడి గిన్నె. అత్తగారు పెళ్లికి పెట్టింది. మూత మీద అతని పేరు చుక్కలతో కొట్టించి ఉండేది. మనిషి నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక పరిహాసం ఆడుతూ ఉండేవాడు. దోసెను ఎత్తి ఎండకు అడ్డం పెట్టి, "అక్కా, నీ దోసె బొక్కల్లోనుంచి చూస్తే శ్రీహరికోట కనపడతా ఉండాదే" అనేవాడు. "కనపడితే ఆడికే పొయ్యి తిను. ఈడెందుకు కూకున్నావు?" అనేది అమ్మ. గిన్నె నింపాక, మూత పెట్టే ముందు పైదోసె అంచు తుంచి నోట్లో వేసుకునేవాడు. రోజూ ఇదే. "కడుపు నిండా తిన్నావు గదరా, మళ్లీ అదెందుకు?" అని అమ్మ కోప్పడితే, "ఉప్పు చూడబళ్లా అక్కా? నీ దోసెలో ఉప్పు తక్కువైతే ఇంటికాడ తిట్లు తినేది నేను గదా" అనేవాడు. బెంచీ మీదున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం నవ్వు ఆపుకుంటూ పెనం వైపు తిరిగేది. ఆమె అలా నవ్వింది చాలా తక్కువ మంది దగ్గర.

శీనయ్య పెళ్లాం కావమ్మ. ఆమెకు తొలి కాన్పు. పాళెంలోనే పురుడు పోసుకుంది, మగబిడ్డ. పురిటి ఇల్లు కాబట్టి మైల తీరేదాకా మగవాళ్లు ఆ ఇంటి గడప తొక్కరు. శీనయ్య ఒడ్డున వలల పాకలో పడుకునేవాడు. పగలు గిన్నె తెచ్చి గడప మీద పెట్టి, బయటి నుంచే ఒక కేక వేసి పోయేవాడు. పురిట్లో సాయం చేస్తున్న ముసలామె దాన్ని లోపలికి అందించేది. బాలింత అయినా సరే, పట్టింపు పట్టింపే. ఆయన వచ్చేదాకా కావమ్మ కూడా తినకూడదు.

ఆ రోజు ఆదివారం, బడి లేదు. శీనయ్య జతగాడు ఆదెయ్య ఏదో పెళ్లికి నాయుడుపేట పోయాడు. శీనయ్య ఒక్కడే గాలాలు వేసుకుని తెప్ప తోశాడు. బాలింత ఇంట్లో ఉంటే ఖర్చులుంటాయని ఆగలేదంటారు. ఎండ ఎక్కింది. ఒక్కొక్క తెప్పా వచ్చింది. ఒక్కొక్క గిన్నే బల్ల దిగింది. శీనయ్యది మిగిలింది. గాలాల వాళ్లు ఒక్కోసారి ఆలస్యంగా రావడం మామూలే. అమ్మ పిండి గంటె పట్టుకుని రెండు మూడు సార్లు బయటికొచ్చి చూసింది. నేను మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. "బాలింత, పొద్దుటి నుంచీ ఖాళీ కడుపుతో ఉంటాది. బిడ్డ పాలు పీలుస్తా ఉంటాడు. ఇదేం ఆచారమే తల్లీ, మనిషిని చంపే ఆచారం" అని నాతోనో, తనతోనో అన్నది. ఇంకొంచెం సేపు ఆగింది. తరువాత బల్ల మీద నుంచి ఇత్తడి గిన్నె తీసి కడిగి, దోసెలు పెట్టి, పక్కన చట్నీ వేసి మూత బిగించింది.

"ఆకులో చుట్టి ఇస్తే సరిపోదా అమ్మా?" అని నేను అడిగిన మాట నిజం. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. "ఆకులో చుట్టి ఇస్తే బిచ్చం వేసినట్టు ఉంటాదే. వాళ్ల గిన్నెలో పెట్టి ఇస్తే వాళ్ల కూడు వాళ్లు తిన్నట్టు ఉంటాది" అంది. చేతికి ఎముక లేని మనిషి అని ఊరంతా అమ్మను మెచ్చుకునేది. ఇచ్చేదాన్ని కూడా ఇచ్చినట్టు కనపడకుండా ఇవ్వాలని ఆమె తాపత్రయం. ఆ మర్యాదే కొంప ముంచింది. ఆకులో పెట్టి ఇచ్చుంటే శీనయ్య బతికేవాడేమో. ఈ ఒక్క ముక్క నా తలలో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను.

అమ్మ వెళ్లేసరికి కావమ్మ ఇంటి ముందు సాయం ముసలామె లేదు, నీళ్లకు పోయింది. పురిటి ఇంట్లోకి మేమూ పోము. అమ్మ గడప మీద గిన్నె పెట్టి, "కావమ్మా, గిన్నె పెట్టినా, వేడిగా ఉండంగానే తిను" అని కేకేసింది. లోపలి నుంచి "ఆఁ" అని వినపడింది. పెనం పొయ్యి మీదే ఉందని గుర్తొచ్చి అమ్మ బిరబిరా వెనక్కి వచ్చేసింది. మొహానికి మొహం చూసి ఉంటే, "మీ ఆయన ఇంకా రాలేదులే, నువ్వు తిను" అని ఒక మాట నోటి నుంచి వచ్చి ఉండేది. గడప అడ్డం వచ్చింది. బేరం తగ్గిన తరువాత మేమిద్దరం పెరట్లో మిరపకాయలు వేయించుకుంటూ కూర్చున్నాం. ఆ ఘాటుకు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, అమ్మ ఏదో పాత సంగతి చెబుతూ నవ్వింది కూడా.

ఆ సమయంలో పాళెం పెద్ద పోలయ్య, ఒడ్డున శీనయ్య తెప్ప కనపడక, మా అంగడి ముందు నుంచి పోతూ బల్ల వైపు చూశాడట. బల్ల ఖాళీ. తెప్ప ఏటి మొగ దగ్గర కట్టి ఉంటాడులే అనుకున్నాడు. అయినా మనసు ఒప్పక కావమ్మ ఇంటి ముందు నిలబడి, నోటితో అడగకూడని మాట అడిగాడు. "శీనయ్య వచ్చినాడా అమ్మే?" లోపలి నుంచి కావమ్మ, "వచ్చినాడు మామా. గిన్నె వచ్చింది గదా" అన్నది. పోలయ్య తల తిప్పుకుని పోయి పడుకున్నాడు. అప్పటికి సముద్రం నున్నగా ఉంది. నాలుగు తెప్పలు తోసి వెతికి ఉంటే దొరికేవాడు అని తరువాత అందరూ అన్నారు. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. ఈశాన్యం నల్లబడింది. ఇసుక లేచి అంగడి లోపలికి కొట్టసాగింది.

ఆదెయ్య నాయుడుపేట నుంచి బస్సు దిగి, చేతిలో పెళ్లి లడ్డూల పొట్లంతో మా అంగడి ముందుకొచ్చాడు. "అక్కా, శీనయ్య యాడ?" అన్నాడు. "ఇంకా రాలేదు గదా నాయనా. నేనూ పొద్దుటి నుంచీ చూస్తా ఉండా" అంది అమ్మ. ఆదెయ్య బల్ల వైపు చూశాడు. మళ్లీ అమ్మ వైపు చూశాడు. "రాలేదా? మరి గిన్నె లేదే?" "నేనే ఇచ్చొచ్చినా. బాలింత గదా, ఆకలికి ఆగలేదని..." అమ్మ మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆదెయ్య మొహం చూశాక ఆమెకు అర్థమైంది. అతను పొట్లం అక్కడే పడేసి పాళెం వైపు పరుగెత్తాడు. లడ్డూలు మెట్టు మీద చితికిపోయాయి. అమ్మ వాటిని తీయలేదు, నన్నూ తీయనివ్వలేదు. చీమలు పట్టేదాకా అట్లాగే ఉన్నాయి.

అలల మీద తెప్పలు నిలవలేదు. తోసిన రెండూ తిరగబడ్డాయి. ఒడ్డంతా ఆడవాళ్లు. అమ్మ దూరంగా, ఇసుక దిబ్బ పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడింది. దగ్గరికి పోయే ధైర్యం లేదు, ఇంటికి పోయే మనసు లేదు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పోలయ్య మాత్రం తడిసిన పంచెతో మా దాకా నడిచొచ్చాడు. "మా తాతల కాలం నుంచీ గిన్నె అబద్ధం చెప్పలా అక్కా. ఈపొద్దు నువ్వు చెప్పించినావు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అమ్మ వేళ్లు నా చేతిలో బిగుసుకుపోయాయి. కొన్ని రోజులకు తెప్ప ఒక్కటి పులికాట్ వైపు కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు.

తెల్లారి అమ్మ ఎప్పటిలాగే పొయ్యి రాజేసింది. మగవాళ్లు వచ్చారు, బీడీలు కొన్నారు, నీళ్లు పట్టుకున్నారు. బల్ల మీద ఒక్క గిన్నె పెట్టలేదు. కొన్నాళ్లకు బెంచీల మీద కూర్చుని తినడం మళ్లీ మొదలుపెట్టారు. ఎందుకంటే ఆకలికి అలక ఎన్నాళ్లో ఉండదు. గిన్నెలు మాత్రం మళ్లీ బల్ల ఎక్కలేదు. ఒడ్డున వలల పాకలోనే పెట్టుకుని, వస్తూ మోసుకొచ్చేవాళ్లు. అమ్మ ఆ ఖాళీ బల్లను రోజూ తడిగుడ్డతో తుడిచేది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదువుకోలేదు, ఆ బల్ల మీద చూశాను.

కర్మకాండ అయ్యాక ఒక పొద్దున కావమ్మ వచ్చింది. బిడ్డ భుజం మీద, చేతిలో ఇత్తడి గిన్నె. అమ్మ ఆమెను చూడగానే చేతిలో పిండి గంటె జారవిడిచింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, తనకంటే చిన్నదానికి. ఏదో చెప్పబోయింది. "ఏం మాట్లాడొద్దక్కా. ఇది ఈడనే ఉండనీ" అని కావమ్మ గిన్నెను బల్ల మీద పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ తరువాత ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని మా అంగడి ముందు నుంచే వారం వారం కోటకు పోయేది. ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

అమ్మ ఆ గిన్నెను శిక్షగానే తీసుకుంది. రోజూ పొద్దున, చింతపండు, బూడిద వేసి తోమి, కడిగి, తుడిచి బల్ల మీద పెట్టిన తరువాతే పొయ్యి ముట్టించేది. అంతేకాదు, పాళెంలో ఆఖరి తెప్ప ఒడ్డుకు చేరేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. ఆమెకు నీళ్ల మీద ఎవరున్నారు? ఎవరూ లేరు. నాకు వయసొచ్చాక ఒళ్లు మండేది. "వాళ్లకు లేని పట్టింపు నీకెందుకమ్మా? ఆ గిన్నె తీసి పారెయ్" అని అరిచేదాన్ని. "గమ్మున ఉండవే" అనేది. పెళ్లయి నేను వెళ్లాక, మా ఇంట్లో నాలుగు రోజులుండమంటే రెండో రోజు పొద్దునకే సంచి సర్దుకునేది. ఇంజన్ బోట్లు వచ్చాయి, సెల్ ఫోన్లు వచ్చాయి. మొగుడు సముద్రం మీద నుంచే "బయల్దేరినా, పొయ్యి ముట్టించు" అని ఫోన్ చేసే కాలం వచ్చింది. పస్తులుండే పట్టింపు పాళెంలో ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ గుర్తు లేదు. మా అమ్మ ఒక్కతే దాన్ని పట్టుకుని ఉండిపోయింది. చివరికి డాక్టరు, "ఈమె ఇన్నేళ్లూ వేళకు తినలేదా?" అని నన్ను అడిగాడు.

గిన్నె కొంగులో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంటే లాభం లేదని లేచాను. కావమ్మ ఇప్పుడు కాలనీలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆ కొడుకే, ఆనాటి పసిబిడ్డ, సొంత బోటు మీద పోతాడు. ఆమె ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. బక్కచిక్కి, కంటిచూపు మందగించి. నా గొంతు వినగానే, "పాపా, నువ్వా? మీ అమ్మ పోయిందంట గదా. రావాలనుకున్నా. కాళ్లు రాలా" అంది. కాళ్లు రాలేదో, మనసు రాలేదో అని లోపల్లోపల అనుకున్నాను. గిన్నె తీసి ఆమె చేతుల్లో పెట్టాను. రెండు చేతులతో తడిమింది. ఏమిటో చూపు కన్నా ముందు చేతులకే తెలిసిపోయింది.

కోడలు లోపల టీవీ పెట్టుకుంది. తరువాత కావమ్మ, ఎవరికో చెబుతున్నట్టు, "నాకు ఆ పొద్దే తెలుసు పాపా" అంది. నాకు అర్థం కాలేదు. "మీ అమ్మ గొంతు విని, ఆయనే ఇచ్చి పంపినాడేమో అనుకున్నా. మూత తియ్యంగానే చూసినా. పైదోసె అంచు తుంచి లేదు. ఏ పొద్దూ అట్టా రాలా. ఆయన చేతి మీద వచ్చిన గిన్నె కాదని అప్పుడే గుండె జారింది."

"మరి ఎందుకు తిన్నావు కావమ్మక్కా?"

"ఆకలే తల్లీ. ముందురోజు నుంచీ కడుపులో ఏం లేదు. బిడ్డ రొమ్ము వదలడు, చూస్తే పాలు రావు. ఆయనే పంపినాడు, తొందర్లో తుంచడం మరిచిపొయ్యినాడు, అనుకుంటా అనుకుంటా తినేసినా. అంతా తిన్నాక పోలయ్య మామ వచ్చి అడిగినాడు. రాలేదంటే, రాకముందే ఎట్టా తిన్నావే అంటారు గదా. మొగుడు నీళ్ల మీదుండంగా తినింది, మొగుణ్ణి మింగింది అంటారు. అందుకని వచ్చినాడని చెప్పినా. అట్టా చెబితే వస్తాడనుకున్నా."

నా నోటి నుంచి మాట మంచిగా రాలేదు. "మా అమ్మకు చెప్పలేదే! ఇన్నేళ్లు!" అని అరిచాను. లోపల టీవీ ఆగింది.

"చెబుదామనే ఈ గిన్నె తీసుకోని మీ అంగడికి వచ్చినా పాపా. మీ అమ్మ నన్ను చూసి దణ్ణం పెట్టింది. తప్పంతా తనదే అన్నట్టు నిలబడింది. నా నోరు పెగల్లా. నా మాట పాళెంలో తెలిస్తే నన్నూ బిడ్డనూ యాడికి తరిమేవాళ్లో. ఎవురో ఒకరు మోస్తా ఉండారు గదా అనుకున్నా. మోయనిచ్చినా." ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంకా కోపం వచ్చేది. "మీ అమ్మ నన్ను ఏమన్నా అనేదా?" అని అడిగింది.

"ఏమీ అనేది కాదు. రోజూ ఈ గిన్నె తోమేది."

"రోజూనా?"

"రోజూ. దీన్ని తోమిన తరువాతే పొయ్యి ముట్టించేది. మీ వాళ్ల బోట్లన్నీ వచ్చేదాకా పస్తుండేది. పోయేదాకా అంతే." ఆమెను ఓదార్చడానికి చెప్పలేదు ఈ మాట. వినాలని చెప్పాను. కావమ్మ మూత మీద వేలితో తడిమింది. ఇటు తడిమింది, అటు తడిమింది. చుక్కలతో కొట్టించిన శీనయ్య పేరు కోసం వెతుకుతోందని తెలిసింది. "పేరు లేదే" అంది. "అరిగిపోయింది" అన్నాను. మనిషిని క్షమించాల్సిన వాళ్లు క్షమించాలి. క్షమించాల్సిన మా అమ్మ బూడిదై స్వర్ణముఖిలో కలిసిపోయింది. ఆమె తరఫున క్షమించడానికి నాకు హక్కు లేదు, నిజం చెప్పాలంటే మనసూ లేదు. అయినా ఆ ఎముకల చేతులు, ఆకలికి ఆగలేక తిన్న ఆ పిల్ల చేతులే గదా అని కూడా అనిపించింది. రెండూ అనిపించాయి. ఏది ముందో చెప్పలేను.

లేచి చెప్పులు వేసుకుంటుంటే కావమ్మ గిన్నెను నా వైపు చాపింది. "ఇది నీ దగ్గరే ఉండనీ పాపా" అంది. అచ్చం ఆ రోజు అమ్మతో అన్నట్టే. అమ్మ కాదనలేకపోయింది. నేను గిన్నెను రెండు చేతులతో పట్టుకుని మళ్లీ ఆమె ఒడిలోనే పెట్టాను. "వద్దక్కా. మా అమ్మ మోసింది చాలు" అన్నాను.

కాలనీ ముందే రోడ్డు మీదికి వచ్చి ఆటో కోసం నిలబడ్డాను. దూరంగా సుజాత కేఫ్ ముందు కుర్రాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. వెనక కావమ్మ ఇంటి నుంచి, "మ్మే, రవ్వంత చింతపండు తీసకరా" అని కోడల్ని పిలవడం వినిపించింది. "ఇప్పుడెందుకత్తా? తళతళా ఉండాది గదా" అంది కోడలు. ఆటో వచ్చేదాకా గిన్నె తోముతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.